మామగారి పాత రైఫిళ్లు ఎంతకు అమ్మాలి?

ప్రశ్న:

నమస్కారమండీ. మాది విజయనగరం. పెళ్లయ్యాక కొలరాడోలో డెన్వర్ దగ్గర స్థిరపడ్డాను. మా వారు ఇక్కడివారే. మా మామగారు గత శీతాకాలంలో పోయారు. బేస్‌మెంట్‌లో ఆయన దాచుకున్న పాత రైఫిళ్లు మూడున్నాయి. మూడూ ఒకసారికి ఒకే తూటా పెట్టి పేల్చేవి. ఒకటి వించెస్టర్. దానికి బరువైన గుండ్రటి బ్యారెల్, కొత్తగా చేయించిన వాల్‌నట్ చెక్క స్టాక్ (భుజానికి ఆనించే భాగం), పైన పొడుగాటి టెలిస్కోప్ ఉన్నాయి. బ్యారెల్ మీద 'ఆర్-2' అని కొట్టి ఉంది. రెండోది కూడా వించెస్టరే గానీ, దాని ఎనిమిది పలకల బ్యారెల్ మీద 'షోయెన్, డెన్వర్' అని ఉంది. మూడోది చిన్నది, స్టీవెన్స్ కంపెనీది. ఎవరో పాలిష్ పట్టించినట్టు తళతళలాడుతోంది.

మామగారు వీటి మీద చాలా ఖర్చుపెట్టారని అత్తగారు అంటారు. గన్ షాపులో ఫోటోలు చూపిస్తే, "మార్పులు చేసిన తుపాకులకు విలువ ఉండదు, విడిభాగాల ధరే వస్తుంది" అన్నారు. పక్కింటాయన మూడూ కలిపి 2,000 డాలర్లకు తీసుకుంటానంటున్నారు. టెక్సస్‌లో హెచ్-1బి మీద ఉన్న మా తమ్ముడు "నాకు పంపించక్కా, ఆన్‌లైన్‌లో పెట్టి అమ్మిపెడతా" అంటున్నాడు. నాన్నగారేమో ఒకటి జ్ఞాపకంగా విజయనగరం తీసుకురమ్మంటున్నారు. మా వారికి తుపాకుల గురించి ఏమీ తెలియదు, నాకు అసలే తెలియదు. అత్తగారి దగ్గర మాట పడకుండా, మోసపోకుండా ఎలా అమ్మాలి? ముందు శుభ్రం చేయించాలా?

సమాధానం:

అమ్మా, పక్కింటాయనకు ప్రస్తుతానికి "ఆలోచించి చెబుతాం" అనండి. ఆయన్ని అనుమానించమని కాదు. మీ ఉత్తరంలో 'షోయెన్, డెన్వర్' అన్న మాటలు చూశాక ఆ బేరానికి తొందరపడి ఒప్పుకోవద్దని చెప్పకుండా ఉండలేను. ఆ పేరు నిజమైనదే అయి, రైఫిల్ మంచి స్థితిలో ఉంటే, అదొక్కటే ఆ 2,000 డాలర్లను సులువుగా దాటుతుంది.

శుభ్రం చేయించడం మాత్రం వద్దే వద్దు. మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. స్టీల్ ఉన్ని, మెటల్ పాలిష్, చెక్కకు వార్నిష్, బ్యారెల్‌కు కొత్త నీలిరంగు, వీటిలో ఏదీ దగ్గరికి రానివ్వకండి. వందేళ్లకు పైగా గాలి, చేతి చెమట, నూనె తగిలి ఇనుముకు పట్టిన ఆ గోధుమ ఛాయను కొనేవాళ్లు కోరుకుంటారు. దాన్ని ఒక్క మధ్యాహ్నంలో తుడిచేయవచ్చు, తిరిగి తెప్పించడం ఎవరి తరమూ కాదు. స్క్రూలు కూడా విప్పకండి. మామూలు స్క్రూడ్రైవర్ వేస్తే గాడి అంచులు చితికిపోతాయి. కొనేవాడు మొదట చూసేది ఆ స్క్రూ తలల్నే. అవి చెడి ఉంటే, లోపల ఎవరో తెలియనివాళ్లు చెయ్యి పెట్టారని అతనికి అర్థమైపోతుంది.

ఇక గన్ షాపులో చెప్పిన మాట. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం తెలియకపోవడం వల్లే చాలా కుటుంబాలు నష్టపోతున్నాయి కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెబుతాను.

మీ దగ్గరున్న వించెస్టర్ రకాన్ని రూపొందించినది యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌కు చెందిన జాన్ మోజెస్ బ్రౌనింగ్. 1879లో పేటెంట్ వచ్చింది. 1883లో వించెస్టర్ కంపెనీ హక్కులు కొనుక్కుని, 1885 నుంచి 1920 వరకు సుమారు 1,40,000 రైఫిళ్లు తయారు చేసింది. లీవర్ కిందికి లాగితే వెనకనున్న ఉక్కు దిమ్మ కిందికి జారుతుంది, తూటా పెట్టి లీవర్ మూస్తే దిమ్మ పైకొచ్చి గట్టిగా బిగుసుకుంటుంది. ఆ దిమ్మకు రెండు వైపులా ఉన్న గోడలు ఎత్తుగా ఉంటే 'హై వాల్' అంటారు, తక్కువగా ఉంటే 'లో వాల్'. హై వాల్ చాలా గట్టిది. ఆ గట్టిదనమే దాని అదృష్టమూ, దురదృష్టమూ అయింది. ఏ బ్యారెల్ బిగించినా తట్టుకుంటుందని తర్వాతి తరాల పనివాళ్లు వేలకొద్దీ హై వాల్‌లను విప్పి, మార్చి, కొత్త రూపాలు ఇచ్చారు.

వించెస్టర్ సేకరించేవాళ్లలో ఒక పెద్ద వర్గానికి కావలసింది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితి. అదే బ్యారెల్, అదే చెక్క, అదే రంగు, అదే గురిపుల్ల ఉండాలి. అదనంగా ఒక్క రంధ్రం తొలిచినా వాళ్ల దృష్టిలో ధర పడిపోతుంది. గన్ షాపు వాళ్లు చెప్పింది ఈ వర్గం మాట. కానీ మీ వాటిలా ఒకసారికి ఒకే తూటా పేల్చే సింగిల్ షాట్ రైఫిళ్ల లోకంలో ఇంకో రెండు వర్గాలున్నాయి. ఒకరు ఫలానా పనివాడి చేతిపని కోసం వెతికేవాళ్లు. ఇంకొకరు వాటితో ఇప్పటికీ పోటీల్లో గురి కొట్టేవాళ్లు. వీళ్లకు మార్పు లోపం కాదు. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, ఎంత బాగా మార్చారు అన్నదే వీళ్లు అడిగే ప్రశ్న.

మీది విజయనగరం కాబట్టి ఈ పోలిక మీకు వెంటనే అర్థమవుతుంది. ఎవరి చేతిలో తయారైందో తెలిసిన పాత బొబ్బిలి వీణకూ, చూడటానికి అలాగే ఉన్నా చేసినవాళ్లెవరో తెలియని వీణకూ ఒకే ధర పలకదు కదా. మీ రైఫిళ్ల విషయమూ అంతే. మామగారు ఎంత ఖర్చుపెట్టారన్నది ధరను నిర్ణయించదు. ఈ మాట అత్తగారికి నొప్పి కలగకుండా చెప్పాల్సింది మీరే. పనివాడి పేరు, ఆ పేరుకు రుజువు, రైఫిల్ ఇప్పుడున్న స్థితి, ఈ మూడే ధర నిర్ణయిస్తాయి.

ఇప్పుడు షోయెన్ గురించి. 19వ శతాబ్దంలో జర్మన్ వలసదారులు తమ దేశపు షూట్జెన్ అనే గురి పోటీల్ని అమెరికాకు తెచ్చారు. 200 గజాల దూరంలో లక్ష్యం, నిలబడి, ఏ ఆసరా లేకుండా గురి. ఆ పోటీల్లో గట్టిగా పాల్గొనేవాళ్లలో చాలామంది ఫ్యాక్టరీ రైఫిల్‌తో తృప్తిపడేవాళ్లు కాదు. వించెస్టర్, బల్లార్డ్, స్టీవెన్స్ రైఫిల్ యాక్షన్, అంటే తూటాను బిగించి పేల్చే భాగం తీసుకుని, పేరున్న బ్యారెల్ పనివాడికి పంపించేవాళ్లు. జర్సీ సిటీలో హ్యారీ పోప్, సిరక్యూజ్‌లో జిషాంగ్, డెన్వర్‌లో జార్జ్ షోయెన్ ఆ కాలపు పెద్ద పేర్లు. షోయెన్ నార్వే నుంచి వచ్చి డెన్వర్‌లో పనిచేసి, 1916లో పోయారు. అంటే ఈ రైఫిల్ మీ ఊరి దగ్గరే ఒక గొప్ప పనివాడి బల్ల మీద తయారై, వందేళ్లు దాటాక కూడా ఇంకా ఆ చుట్టుపక్కలే ఉంది. కొలరాడోలో దీన్ని ప్రేమగా చూసే మనుషులు కచ్చితంగా ఉంటారు.

ఈ రకం రైఫిల్‌లో బ్యారెల్ మార్చడమే దాని చరిత్ర. ఫ్యాక్టరీ బ్యారెల్ పోయిందని బాధపడాల్సిన పని లేదు. అయితే ఒక సంగతి బేస్‌మెంట్‌లో వెతకాలి. ఆ రోజుల్లో పోటీదారులు తూటా గొట్టంలో మందు నింపి వెనక నుంచి పెట్టి, సీసపు గుండును మాత్రం బ్యారెల్ ముందు కొస నుంచి లోపలికి దిగవేసేవాళ్లు. అలా దించేటప్పుడు గుండు వంకరపోకుండా, బ్యారెల్ అంచు అరగకుండా, ఆ బ్యారెల్ నుంచే కోసి తీసిన చిన్న ముక్కను కొసకు తగిలించేవాళ్లు. దాన్ని 'ఫాల్స్ మజిల్' అంటారు. చూడటానికి రెండు అంగుళాల ఇనుప ముక్క, కింద నాలుగు సన్నటి పిన్నులుంటాయి. మీ బ్యారెల్ కొసన నాలుగు చిన్న రంధ్రాలు కనిపిస్తే, దానికి ఒకప్పుడు ఈ ముక్క ఉండేదని అర్థం. దానితోపాటు గుండును తోసే స్టార్టర్, పొడుగు కర్ర, గుండ్లు పోసుకునే అచ్చు కూడా ఉండాలి. ఆ బ్యారెల్‌కు ఆ ముక్క తప్ప మరొకటి సరిపోదు. అది ఉంటే ఒక ధర, పోతే ఇంకో ధర. తేడా చాలా పెద్దది. తుక్కు ఇనుము అనుకుని పారేసిన కుటుంబాలు ఉన్నాయి. అందుకే బేస్‌మెంట్‌లో పాత డబ్బాలు, సిగార్ పెట్టెలు, మేకుల సీసాలు అన్నీ చూసేదాకా దేన్నీ బయట పడేయకండి.

పేరు కొట్టి ఉన్నంత మాత్రాన అది షోయెన్ పనే అని నమ్మలేం. పేరుకు ధర ఉన్న చోట దొంగ ముద్రలూ ఉంటాయి. అక్షరాల తీరు, బ్యారెల్ లోపలి గాడుల సంఖ్య, కొస పని, బ్యారెల్ కింద ఉండే ముందుచెక్క చాటున దాగి ఉన్న గుర్తులు అన్నీ చూసి తెలిసినవాళ్లే తేల్చాలి. 1948లో మొదలైన అమెరికన్ సింగిల్ షాట్ రైఫిల్ అసోసియేషన్‌లో ఇలాంటి బ్యారెళ్లను జీవితమంతా చదివినవాళ్లు ఉన్నారు. ముందు వాళ్లకు ఫోటోలు పంపండి. వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టి, పేరును దగ్గరగా తీయండి. బ్యారెల్ కొసను ఎదురుగా తీసేటప్పుడు తూటా లేదని ముందే నిర్ధారించుకోవాలి. ఆ పని మీరు చేయకండి, లైసెన్స్ ఉన్న డీలర్‌ని గానీ అనుభవమున్న గన్‌స్మిత్‌ని (తుపాకులు బాగుచేసే పనివాడిని) గానీ ఇంటికి పిలిచి మూడూ ఖాళీ చేసి చూపించమనండి.

రెండు వించెస్టర్లకూ సీరియల్ నంబరు కింది ట్యాంగ్ మీద, అంటే ట్రిగ్గర్ వెనకనుంచి చెక్క కిందుగా వెళ్లే ఇనుప పట్టీ మీద ఉంటుంది. వయోమింగ్ రాష్ట్రంలోని కోడీ పట్టణంలో బఫెలో బిల్ సెంటర్ ఆఫ్ ది వెస్ట్ అనే మ్యూజియం ఉంది. వించెస్టర్ పాత లెడ్జర్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి. అన్ని నంబర్లకూ రికార్డులు మిగల్లేదు గానీ, ఈ మోడల్‌లో ఎక్కువ భాగానికి ఉన్నాయి. రుసుము కడితే మీ నంబరు రైఫిల్ ఫ్యాక్టరీ నుంచి ఏ క్యాలిబర్‌లో (ఎంత లావు గుండుకు), ఏ బ్యారెల్‌తో, ఏ తేదీన బయటికి వెళ్లిందో ఉత్తరం ఇస్తారు. రెండింటికీ తెప్పించుకోండి. ఆ తేదీ ధరకే కాదు, చట్టానికీ పనికొస్తుంది, ఆ సంగతి కింద చెబుతాను.

ఆర్-2 అని ఉన్న రైఫిల్ కథ వేరు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత షూట్జెన్ పోటీలు చాలావరకు ఆగిపోయాయి. 1930లు వచ్చేసరికి పాత హై వాల్‌లు చవగ్గా దొరికేవి. పొలాల్లో బొరియలు తవ్వే ఉడుత జాతి జంతువుల్ని దూరం నుంచి కొట్టే వేటగాళ్లకు చిన్న గుండును చాలా వేగంగా పంపే రైఫిళ్లు కావాలి. అలా పుట్టినదే ఆర్-2 లోవెల్. 25-20 సింగిల్ షాట్ అనే పాత తూటా గొట్టం మెడను 22 క్యాలిబర్‌కు కుదించి చేసిన తూటా. ఇలా వ్యక్తులు సొంతంగా తయారు చేసుకున్న వాటిని 'వైల్డ్‌క్యాట్' అంటారు. 1950లో రెమింగ్టన్ కంపెనీ 222 తూటాను తెచ్చాక వీటి రోజులు దాదాపు ముగిశాయి.

ఆ కాలంలో ఎన్నో చక్కటి, చెక్కుచెదరని హై వాల్‌లను కోసి ఇలా మార్చేశారు. అది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి. కానీ జరిగిపోయిన మార్పును ఈ రోజు దాని విలువ దానికి కట్టి చూడాలి. పని చేసింది నీడ్నర్, గ్రిఫిన్ అండ్ హౌ లాంటి పేరున్న చోటైతే బ్యారెల్ మీదో, ముందుచెక్క కిందో పేరూ నంబరూ దొరుకుతాయి. అప్పుడు దానికి సొంతంగా సేకరణ విలువ ఉంటుంది. పేరు ఏదీ లేకపోతే పనితనం మీదే ఆధారపడాలి. చెక్కా ఇనుమూ కలిసేచోట వెంట్రుక దూరేంత సందు కూడా లేకుండా ఉందా, చెక్క మీద వజ్రాకారపు గీతలు తెగకుండా ఒకే లోతులో ఉన్నాయా అని చూస్తారు. సంతకం లేకున్నా మంచి చేతిపని అక్కడ తెలిసిపోతుంది.

ఇందులో ఒక చిత్రం ఉంది. పాత హై వాల్‌లో తూటాను కొట్టే పిన్ను లావుగా ఉండేది. అధిక పీడనంతో పేలే కొత్త తూటాలకు అది పనికిరాదని, గన్‌స్మిత్‌లు ఆ రంధ్రాన్ని పూడ్చి సన్నటి పిన్ను పెట్టేవాళ్లు. ఒరిజినల్ కావాలనేవాడు దీన్ని చూసి ధర తగ్గిస్తాడు. కాల్చడానికి కొనేవాడు ఇది చేసి ఉందా అని అడిగి మరీ ఎక్కువ ఇస్తాడు. ఒకే మార్పు, ఇద్దరు కొనుగోలుదారులు, రెండు ధరలు. మీ ఆర్-2 ఎలాగూ ఒరిజినల్ కాదు కాబట్టి, దీన్ని రెండో రకం మనిషికే చూపించాలి.

పైనున్న పొడుగాటి టెలిస్కోప్ మీద ఉన్న పేరు చదివి రాసుకోండి. పిట్స్‌బర్గ్‌లో తయారైన అనర్టల్, ఫెకర్ గానీ, లైమన్ కంపెనీ గానీ అయితే ఆ స్కోప్‌కు విడిగా గిరాకీ ఉంది. రైఫిల్‌తో కలిపి అమ్మితే స్కోప్ ధర అందులో మునిగిపోతుంది, చాలామంది గమనించరు. రెండు ధరలూ విడిగా అడిగి చూసి, తేడాను బట్టి నిర్ణయించుకోండి. ఆర్-2 తూటాలు అంగట్లో దొరికేవి కావు. తూటాలు తయారు చేసుకునే డైలు, మెడ కుదించిన ఖాళీ గొట్టాలు మామగారి పనిబల్ల దగ్గర ఉంటే, రైఫిల్‌తోనే పెట్టండి. అవి లేకుండా కొన్నవాడికి ముందు ఆ వేట మొదలవుతుంది, ఆ శ్రమను మీ ధరలోంచే తగ్గిస్తాడు. కానీ మామగారు నింపిన తూటాలు ఉంటే అమ్మకండి, ఎవరికీ ఇవ్వకండి. అందులో ఏ మందు ఎంత ఉందో ఎవరూ హామీ ఇవ్వలేరు. వాటిని ఎలా వదిలించుకోవాలో డీలర్‌నో, స్థానిక పోలీసులనో అడగండి.

చూడకుండా అంకె చెప్పడం నాకు ఇష్టం ఉండదు. అయినా మీరు పూర్తిగా చీకట్లో ఉండకూడదు కాబట్టి నా అంచనా చెబుతున్నాను. సంతకం లేని, బాగా చేసిన ఆర్-2 హై వాల్, బ్యారెల్ లోపల శుభ్రంగా ఉంటే, స్కోప్ కాకుండా 1,200 నుంచి 2,000 డాలర్ల మధ్య అడగవచ్చు. స్టీవెన్స్‌కు కొన్ని వందలు. పాత రంగును పాలిష్‌తో తీసేసినందువల్ల దానికి సేకరణ ధర రాదు, ఆ విషయంలో గన్ షాపు వాళ్లు చెప్పింది పూర్తిగా నిజం. షోయెన్‌ది రుజువై, బ్యారెల్ లోపల తుప్పు గుంటలు లేక, ఫాల్స్ మజిల్ దొరికితే అది వేలల్లో ఉంటుంది. దాని అసలు ధర వేలంలో ఇద్దరు మనసుపడ్డప్పుడే తెలుస్తుంది. బ్యారెల్ లోపల ఎలా ఉందన్నది ఈ మూడింటిలోనూ ముఖ్యం. బయట మెరుస్తూ లోపల తుప్పు తిన్నదైతే, కాల్చేవాడికి అది గోడకు తగిలించుకోవడానికే.

ఇప్పుడు అందరికన్నా ముందు మాట్లాడాల్సిన మనిషి, మీ అత్తగారి గురించి. ఇవి ఎవరివి? మామగారు వీలునామాలో ఏం రాశారు? ఎస్టేట్ వ్యవహారం ఇంకా నడుస్తుంటే, అమ్మే అధికారం ఎస్టేట్ ప్రతినిధిగా నియమితులైనవారిదే, అది అత్తగారు కావచ్చు, మీ వారు కావచ్చు. మీరు మంచి మనసుతో అమ్మినా, తర్వాత మరిదో ఆడపడుచో "నన్నడగలేదే" అంటే ఆ మాట మీ మీదకే వస్తుంది. అత్తగారిని కూర్చోబెట్టి, మూడు రైఫిళ్లనీ ముందు పెట్టుకుని, మామగారు ఏది ఎక్కడ కొన్నారో, ఎవరి దగ్గర పని చేయించారో, ఎవరితో కలిసి కాల్చేవారో అడిగి, ఆమె మాటల్లోనే రాసుకోండి, తేదీ వేసి సంతకం పెట్టించండి. పాత చెక్కుబుక్కులు, రసీదులు, పోటీల స్కోరు కార్డులు, ఆయన రైఫిల్ పట్టుకున్న ఫోటోలు ఉంటే పక్కన పెట్టండి. ఇది ఆమెకు గౌరవం, కొనేవాడికి రుజువు. ఆమె ఒకటి ఉంచుకుందామంటే స్టీవెన్స్ ఉంచమనండి. దాన్ని అమ్మినా వచ్చేది తక్కువే, పైగా చిన్నది, భద్రంగా తాళంలో దాచడం తేలిక.

మీ తమ్ముడి విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. హెచ్-1బి వలసేతర వీసా. అలాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. శిక్ష 15 ఏళ్ల వరకు ఉంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది గానీ, దాన్ని నమ్ముకుని అతన్ని ఇందులోకి దించకండి. హెచ్-4, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. మన తెలుగు కుటుంబాల్లో ఈ సంగతి చాలామందికి తెలియదు, స్నేహితుడి తుపాకీతో సరదాగా ఫోటోలు దిగేస్తుంటారు. పైగా ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రంలో ఉన్న మామూలు వ్యక్తికి తుపాకీ నేరుగా పంపడమే తప్పు, మధ్యలో లైసెన్స్ ఉన్న డీలర్ ఉండాలి. తమ్ముడి సాయం కావాలంటే, మీరు పంపిన ఫోటోలు చూసి పాత వేలాల ధరలు వెతికిపెట్టమనండి. మీకు గ్రీన్ కార్డు గానీ పౌరసత్వం గానీ ఉంటే వీసా అడ్డంకి మీకు లేదు. అది ఇంకా రాకపోతే, రైఫిళ్లను ముట్టుకునే పని మీ వారే చూసుకోవాలి.

నాన్నగారి కోరిక అర్థమవుతుంది గానీ అది కుదరదని చెప్పండి. అమెరికా నుంచి ఎగుమతి నిబంధనలు, ఇండియాలో దిగుమతి ఆంక్షలు, 1959 ఆయుధ చట్టం కింద లైసెన్స్, ఇవన్నీ దాటాలి. సూట్‌కేసులో పెట్టుకుని వెళితే ఎయిర్‌పోర్టులోనే అరెస్టు అవుతారు. బదులుగా మామగారు రైఫిల్‌తో ఉన్న మంచి ఫోటో ఒకటి ఫ్రేము కట్టించి తీసుకెళ్లండి.

ఫెడరల్ చట్టం 1898లో గానీ అంతకుముందు గానీ తయారైన తుపాకీని 'యాంటిక్' అంటుంది. యాంటిక్‌కు చాలా నియమాలు వర్తించవు. కోడీ మ్యూజియం ఉత్తరంలో తేదీ ముఖ్యమని అందుకే అన్నాను. 50 ఏళ్లు దాటిన వాటికి 'క్యూరియో అండ్ రెలిక్' అని ఇంకో వర్గం ఉంది గానీ, అసలు రూపం మార్చిన తుపాకీ అందులోకి రాకపోవచ్చు. అందువల్ల ఆర్-2ను ఆ పేరుతో అమ్మకండి. కొలరాడోలో 2013 నుంచి వ్యక్తుల మధ్య అమ్మకాలకు కూడా డీలర్ ద్వారా బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరగాలి. యాంటిక్‌కు సడలింపు ఉన్నా, నా సలహా ఒక్కటే. మూడింటినీ డీలర్ చేతుల మీదుగానే అమ్మండి. కొద్దిపాటి రుసుముతో ఎవరికి, ఎప్పుడు అమ్మారో కాగితం మీద ఉంటుంది. పక్కింటాయన కొన్నా సరే, ఈ దారిలోనే.

ఎక్కడ అమ్మాలి? షోయెన్‌ను పాత తుపాకులు ప్రత్యేకంగా వేలం వేసే పెద్ద సంస్థకు పంపడం మంచిది. ఇల్లినాయ్‌లో రాక్ ఐలండ్, పెన్సిల్వేనియాలో మోర్ఫీ అలాంటివి. అమ్మేవాళ్ల నుంచి కమిషన్ తీసుకుంటారు, కొనేవాళ్ల మీద అదనపు రుసుము వేస్తారు. రెండూ కలిస్తే కొనేవాడు ఇచ్చిన దాంట్లో మీ చేతికి వచ్చేది బాగా తగ్గుతుంది. కాబట్టి సంతకం పెట్టేముందు కమిషన్ శాతం, ఫోటోల ఖర్చు, బీమా, అమ్ముడుపోకపోతే తిరిగి పంపే ఖర్చు, కనీస ధర పెట్టుకునే వీలు అన్నీ రాతపూర్వకంగా అడగండి. కమిషన్ తగ్గించమని అడగడం తప్పు కాదు. ఫాల్స్ మజిల్ దొరికితే దాన్ని రైఫిల్‌తో కలిపి ఒకే లాట్‌గా పెట్టమనండి. ఆర్-2కు మాత్రం పెద్ద వేలం అక్కర్లేదు. సింగిల్ షాట్ అసోసియేషన్ సభ్యుల మధ్యో, డీలర్ ద్వారా ఆన్‌లైన్ వేలంలోనో అయితే దాన్ని అర్థం చేసుకునే మనిషి దొరుకుతాడు.

వివరణ రాసేటప్పుడు తెలిసింది తెలిసినట్టు రాయండి. 'షోయెన్ బ్యారెల్' అని తేలేదాకా 'షోయెన్ పేరు ముద్ర ఉంది' అనే రాయాలి. అదనపు రంధ్రాలు, చెక్కలో పగులు, బ్యారెల్ లోపలి మరక, అన్నీ ఫోటోల్లో చూపించండి. లోపం దాచి అమ్మిన రైఫిల్ తిరిగొస్తుంది, వచ్చేటప్పుడు గొడవతో వస్తుంది. కొన్నవాడు చూసుకుని, నచ్చకపోతే తిరిగివ్వడానికి మూడు రోజుల గడువు ఇవ్వడం ఈ వ్యాపారంలో వాడుక.

పన్ను విషయం ఒక మాట. వారసత్వంగా వచ్చిన వస్తువుకు, మనిషి పోయిన రోజున ఉన్న మార్కెట్ విలువే మీ కొనుగోలు ధరగా లెక్కిస్తారు. మామగారు పోయిన తేదీకి సరిపడేలా రాతపూర్వక వాల్యుయేషన్ చేయించండి. వాల్యుయేషన్ చేసినాయన తానే కొంటానంటే ఆ అంకెను నమ్మకండి. అమ్మిన తర్వాత లాభం ఉంటే, ఇలాంటి పాత వస్తువుల మీద పన్ను 28 శాతం దాకా పడవచ్చు. అకౌంటెంట్‌కు ముందే చెప్పి ఉంచండి.

వేలంలో పెట్టాలంటే నెలల ముందు వస్తువు చేర్చాలి. ఉత్తరం రావడానికీ, ఫోటోలు చూసి వాళ్లు చెప్పడానికీ సమయం పడుతుంది. కాబట్టి డబ్బు అవసరం అర్జెంటుగా లేకపోతే వచ్చే ఏడాదికి అనుకోండి. ఈలోపు మూడింటినీ తాళం ఉన్న పెట్టెలో, తేమ తగలని చోట పెట్టించండి. ఫోమ్ ఉన్న గన్ కేసులో ఎక్కువకాలం ఉంచకండి, ఆ ఫోమ్ తేమ పట్టి రంగును తినేస్తుంది. గన్‌స్మిత్ ఇంటికి వచ్చిన రోజున షోయెన్ రైఫిల్ ముందుచెక్క ఆయన చేతే విప్పించి, బ్యారెల్ కింది గుర్తులు, బ్యారెల్ కొస ఫోటో తీసి నాకు పంపండి. ఆ కొసన నాలుగు రంధ్రాలు ఉన్నాయా లేదా అన్నది చూశాక, అసోసియేషన్ వాళ్లను ఏమేం అడగాలో మీకు రాస్తాను.